సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది బెర్లిన్‌లోని మన తెలుగువాళ్లం కలిసి చదివి, చూడటానికి పెట్టుకున్న అంశం మీకు తెలిసిందే: హిట్లర్ రాకముందు జర్మన్ పుస్తకాల్లో, సినిమాల్లో కనిపించే యూదుల బతుకు. నెలకో సమావేశం అనుకున్నాం, ఎనిమిదే జరిగాయి.

యోసెఫ్ రోత్ రాసిన నవల 'హియోబ్' (1930)కి రెండు సమావేశాలు పట్టాయి. జబ్బు కొడుకును ఊళ్లోనే వదిలేసి అమెరికాకు ఓడెక్కే, పిల్లలకు చదువు చెప్పే యూదు పంతులు మెండెల్ సింగర్ కథ అది. అమ్మానాన్నల్ని ఊళ్లో ఉంచి బెర్లిన్ వచ్చినవాళ్లం కదా, ఆ రోజు చర్చ పుస్తకం దాటి ఎటెటో పోయింది. నేను ఆపలేదు.

డోబ్లిన్ నవల 'బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్' (1929) ఎవరూ పూర్తి చేయలేదు, నాతో సహా. మొదట్లో టేగెల్ జైలు నుంచి బయటపడి దిక్కుతోచక తిరుగుతున్న కథానాయకుడు ఫ్రాంజ్‌ని ఎర్రగడ్డం యూదుడొకాయన ఇంట్లోకి తీసుకెళ్లి కథ చెప్తాడు. ఆ భాగాన్ని బెర్లిన్‌లో ఒకప్పటి యూదుల పేట షోయినెన్‌ఫీర్టెల్‌లోనే చదివాం. తూర్పు ఐరోపా నుంచి వచ్చిన యూదులతో ఒకప్పుడు కిటకిటలాడిన అక్కడి గ్రెనడియర్ వీధి ఇప్పుడు ఆల్మ్‌స్టాట్ వీధి. వస్తామన్నవారు పదకొండు మంది, వచ్చింది నలుగురు. వాన సంగతి నాకూ తెలుసు, నేనూ తడిశాను.

ఇక మన ఘనకార్యం. ఇ.ఎ. డ్యూపాంట్ తీసిన మూకీ 'దాస్ ఆల్టె గెజెట్స్' (అంటే 'పాత ధర్మం', 1923) చూపించాం. అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని గలీసియా ప్రాంతపు పల్లెలో రబ్బీ (యూదుల మతగురువు) కొడుకు బారూఖ్ నాటకాల పిచ్చితో ఇల్లు వదిలి వియన్నా చేరతాడు. మాటల కార్డులన్నీ తెలుగులోకి తెచ్చి, మన సభ్యురాలు ఒకరు చీకట్లో టార్చి పట్టుకుని చదివారు. యూదు మగవాళ్లు మత నియమంగా చెంపల మీద పెంచుకునే జడలకి 'పిలక' అనొచ్చా అని కమిటీలో రెండు గంటలు కొట్టుకున్నాం. చివరికి 'చెంపజడలు' అనే ఉంచాం. బారూఖ్ వాటిని కత్తిరించుకునే చోట, వెనక వరసలో పెద్దాయన ఒకరు "మా పెదనాన్న కూడా పిలక తీయించుకున్నాకే నాటకాల కంపెనీలో చేరాడు" అని పైకే అనేశారు. ఎవరూ నవ్వలేదు.

హాలు కోసం ఒక కార్యాలయానికి ఐదు మెయిళ్లు పెట్టాను. జవాబు సినిమా అయిపోయిన మర్నాడు వచ్చింది. ఆఖరి నిమిషం టెన్షన్‌లో తమ అపార్ట్‌మెంట్ కామన్ రూమ్ ఇప్పించిన దంపతులకు, ప్రొజెక్టర్ ఇచ్చిన తమ్ముడికి, అనువాదం దిద్దిన ముగ్గురికి, పులిహోర చేసి తెచ్చిన అక్కయ్యలకు పేరుపేరునా కృతజ్ఞతలు. కుర్చీలు సర్దడానికి పేర్లిచ్చిన ఆరుగురూ రాలేదు. నేనూ కోశాధికారి గారూ కలిసి సర్దాం.

లెక్కలు జతచేసిన కాగితంలో ఉన్నాయి. అప్పు లేదు, మిగులు కొంచెమే.

'హియోబ్' రెండు ప్రతులూ ఇంకా మన పెట్టెలోకి తిరిగి రాలేదు. తీసుకెళ్లినవారు సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చివ్వగలరు.

కార్యదర్శి