విడుదల తేదీ దగ్గర ఆగిపోకండి: మాజీ సైనికుల సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

పోయిన నెల మా తాతగారు కాలం చేశారు. ఆయనకు 98 ఏళ్లు. 1945లో పద్దెనిమిదేళ్ల వయసులో సైన్యంలో చేరి, వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి, 1954లో బయటికి వచ్చారు. మీ శాఖ నుంచి మాకు సంతాప పత్రం అందింది. సర్వీసు నంబరు, హోదా, చేరిన తేదీ, విడుదలైన తేదీ, పతకాల వివరాలు అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడా తప్పు లేదు. ఆ గౌరవానికి మా కుటుంబం మీకు కృతజ్ఞతలు చెప్పుకుంటోంది. అయితే ఆ పత్రం 1954లో ఆగిపోయింది. మా తాతగారు ఆ తర్వాత ఇంకో 71 ఏళ్లు బతికారు. ఈ ఉత్తరం ఆ 71 ఏళ్ల గురించి.

ఆయన ఖాళీగా కూర్చోవడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. గడియారాలు బాగుచేసేవారు. గులాబీలకు అంట్లు కట్టేవారు. పోస్టుకార్డుల మీద చదరంగం ఆడేవారు. ఒక్కో ఆట ఏళ్ల తరబడి సాగేది. చిరిగిన పుస్తకాలకు అట్టలు కుట్టి తిరిగి ఇచ్చేవారు. ఇవన్నీ ఒక ఎత్తయితే రేడియో, నక్షత్రాలు ఒక ఎత్తు. ఆ రెండింటికీ ఆయన లెక్క రాసి పెట్టారు. గట్టి అట్ట వేసిన నోటుపుస్తకాలు పెట్టెల నిండా ఉన్నాయి.

సైన్యంలో నేర్చుకున్న, అక్షరాలను పొట్టి, పొడుగు శబ్దాలుగా పంపే మోర్స్ కోడ్‌ను ఆయన చివరిదాకా వదల్లేదు. లైసెన్సు తీసుకుని అమెచ్యూర్ రేడియో ఆపరేటరు, అంటే ఇష్టం కొద్దీ ఇంటి నుంచి రేడియోలో ఇతరులతో సంభాషించే మనిషి అయ్యారు. ఆయన లాగ్‌బుక్కులో ఒక్కో సంభాషణకు ఒక్కో వరుస: తేదీ, అంతర్జాతీయ సమయం, ఫ్రీక్వెన్సీ, అవతలివారి కాల్ సైన్ (రేడియోలో వారి గుర్తింపు పేరు), సిగ్నల్ ఎలా ఉందన్న నివేదిక. మోర్స్‌లో సిగ్నల్ ఎంత స్పష్టంగా, ఎంత బలంగా, ఎంత శుద్ధంగా ఉందో మూడు అంకెల్లో చెబుతారు. అన్నిటికన్నా మేలైనది 599. చాలామంది మర్యాదకు అందరికీ 599 ఇచ్చేస్తారు. తాతగారు ఇవ్వరు. 339 అని వినిపిస్తే 339 అనే రాస్తారు. యుద్ధం గురించి ఎంత అడిగినా పెదవి విప్పని మనిషి ఒక్క సంగతి మాత్రం ఇష్టంగా చెప్పేవారు. కీ నొక్కే తీరు ఒక్కొక్కరిది ఒక్కో రకంగా ఉంటుందట. పేరు చెప్పకపోయినా, రొదలో మునిగిపోయినా, నాలుగు అక్షరాలు వినేసరికి అవతల ఎవరున్నారో తెలిసిపోయేదట. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు దళాల కదలికలను పసిగట్టడానికి, వాళ్ల రేడియో సంకేతాలను చాటుగా వినేవాళ్లు ఈ నేర్పునే వాడారు. లైసెన్సుకు మోర్స్ పరీక్ష తప్పనిసరి కాదని 2003లో అంతర్జాతీయ రేడియో సమావేశం నిర్ణయించింది. ఆ తర్వాత కూడా తాతగారు అడిగిన పిల్లలందరికీ దాన్ని నేర్పుతూనే వచ్చారు. నేను నేర్చుకున్నదీ ఆయన దగ్గరే.

ఇక నక్షత్రాలు. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే తారలను చరతారలంటారు. మైరా అనే తార సుమారు 332 రోజులకు ఒకసారి ప్రకాశించి, మళ్లీ కంటికి కనపడనంతగా మసకబారుతుంది. ఇలాంటి తారను పక్కనున్న, వెలుగు ముందే తెలిసిన తారలతో పోల్చి అంచనా కట్టడమే ఈ పని. పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఓపిక కావాలి. 1911లో మొదలైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ ప్రపంచమంతటి ఔత్సాహికుల లెక్కలను పోగుచేస్తోంది. వృత్తి శాస్త్రజ్ఞులు వాటిని వాడుకుంటారు కూడా. 2019 చివర్లో ఆర్ద్ర నక్షత్రం అనూహ్యంగా మసకబారడం మొదలైంది. మామూలుగా అది రోహిణికన్నా కాస్త ఎక్కువగానే వెలుగుతుంది. అప్పటికి 92 ఏళ్ల తాతగారు మబ్బులేని ప్రతి రాత్రీ దుప్పటి కప్పుకుని బయట కూర్చునేవారు. 2020 ఫిబ్రవరిలో ఒక పుటలో ఆయన చేతిరాత ఇలా ఉంది: "ఆర్ద్ర ఈ రాత్రి బెల్లాట్రిక్స్‌కు సమానం. మూడుసార్లు చూశాను. కళ్లు సరిగానే ఉన్నాయి." బెల్లాట్రిక్స్ ఆర్ద్రకు దగ్గర్లోనే కనిపించే, మామూలుగా దానికన్నా తక్కువ వెలిగే తార. ఆ నక్షత్రం వెలువరించిన పదార్థం ధూళిగా మారి వెలుగుకు అడ్డుపడిందని శాస్త్రజ్ఞులు తర్వాత వివరించారు. తాతగారి అంచనా వాళ్ల కొలతలతో సరిపోయింది.

ఈ పుస్తకాలను తీసుకుని నేను ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి ఆదరంగానే మాట్లాడారు. పతకాల ఫొటోలు, విడుదల పత్రం తీసుకున్నారు. నోటుపుస్తకాలు తిరగేసి, "ఇవి సర్వీసుకు సంబంధించినవి కావు కదమ్మా" అని వెనక్కి ఇచ్చారు. ఆయన్ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చేతిలోని నియమాలు అలా ఉన్నాయి. మార్చవలసింది ఆ నియమాలను.

హాబీలు సొంత వ్యవహారం, వాటితో ప్రభుత్వానికి పనేమిటని మీకు అనిపించవచ్చు. అయితే ఒక ఉదాహరణ చూడండి. 1940లో నార్వేలో పట్టుబడిన జాన్ బక్స్‌టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి యుద్ధం ముగిసేదాకా జర్మన్ శిబిరాల్లోనే ఉన్నారు. ముళ్లకంచె వెనక నుంచి రెడ్‌స్టార్ట్ అనే చిన్న పిట్టను తోటి ఖైదీలతో కలిసి వందల గంటలు గమనించి, రాసిపెట్టుకున్నారు. ఆ పరిశీలన 1950లో పుస్తకమై, పక్షి శాస్త్రంలో నిలిచిపోయింది. ఆయనకు అక్కడ జతకలిసిన జార్జ్ వాటర్‌స్టన్ 1948లో స్కాట్లండ్‌లోని ఫెయిర్ ఐల్ దీవిలో పక్షుల పరిశీలనా కేంద్రాన్ని నెలకొల్పారు. ఆ రాతలను సైనిక చరిత్ర అనాలా, హాబీ అనాలా? ఆ మనుషులను నిలబెట్టింది ఏమిటో తెలియాలంటే ఆ రాతలే చదవాలి. యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్లు మామూలు మనుషులుగా ఎలా కుదుటపడ్డారో ఏ సర్వీసు రికార్డూ చెప్పదు. మా తాతగారి విషయంలో ఆ లాగ్‌బుక్కులు చెబుతాయి. తొలి పుస్తకాల్లో వేళలన్నీ అర్ధరాత్రి దాటాకే. ఆ రోజుల్లో ఆయనకు నిద్ర పట్టేది కాదని మా అమ్మమ్మ చెప్పేది.

అమెరికా చట్టసభ 2000లో వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టును ఏర్పాటుచేసింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాని కింద మాజీ సైనికుల మాటలను రికార్డు చేసి, ఉత్తరాలు, డైరీలు, ఫొటోలతో పాటు భద్రపరుస్తోంది. ముఖాముఖి కనీసం 30 నిమిషాలు ఉండాలన్నది నియమం. మనకూ అలాంటి ఏర్పాటు కావాలి. అయితే అందులో అడిగే ప్రశ్నలు విడుదల తేదీతో ముగిసిపోకూడదు. "ఆ తర్వాత ఏం చేశారు? ఏది మిమ్మల్ని పట్టి ఉంచింది?" అని కూడా అడగాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికులందరూ ఇప్పుడు తొంభై దాటినవాళ్లే. వచ్చే బడ్జెట్ దాకా ఆగితే కొందరిని అడిగే అవకాశమే ఉండదు. టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లగల విద్యార్థులకు ఈ పని అప్పగించినా మొదలవుతుంది.

ఇంకొకటి వెంటనే చేయగలిగింది. మరణ వివరాలు నమోదు చేసుకునే దరఖాస్తులో ఒక్క ప్రశ్న చేర్చండి: ఆయన రాసిన డైరీలు, లాగ్‌బుక్కులు, నోటుపుస్తకాలు మీ దగ్గర ఉన్నాయా? ఉంటే ఎవరికి చూపాలో ఒక చిరునామా ఇవ్వండి. అన్నిటినీ దాచమని నేను అడగడం లేదు. పాత కాగితాల వాడికి తూకానికి వేసేలోపు, చదవడం తెలిసిన ఒక మనిషి వాటిని ఒకసారి తెరిచి చూడాలి. తారల లెక్కలు ఖగోళ శాస్త్రవేత్తలకు, రేడియో లాగ్‌లు సిగ్నళ్ల చరిత్ర చదివేవాళ్లకు, వానల డైరీలు వాతావరణ శాఖకు పనికొస్తాయి.

మా తాతగారి పెట్టెలు ప్రస్తుతం నా దగ్గరే ఉన్నాయి. నక్షత్రాల పుస్తకాలను నేనే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. లాగ్‌బుక్కులను మీ శాఖ నుంచి ఎవరు చూడటానికి వచ్చినా, అందులోని గుర్తులు, అంకెలు దగ్గరుండి వివరిస్తాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
ఒక వైర్‌లెస్ ఆపరేటరు మనవరాలు