సంక్రాంతి క్రూగర్ ట్రిప్: గదులు మారాయి, ఎందుకంటే...

సంక్రాంతి సెలవులకి దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు ట్రిప్‌కి పేర్లిచ్చిన అందరికీ నమస్కారం. వాట్సాప్‌లో తలో ముక్కా వినేకంటే మొత్తం నా నోటే వినడం మేలని రాస్తున్నాను. పార్కు లోపల లోయర్ సబీ, స్కుకూజా క్యాంపుల్లో మీకు చెప్పిన గదులు మనకి లేవు.

ఆ గదులు ఇప్పిస్తానన్న జొహన్నెస్‌బర్గ్ ఏజెంటు మాకు కొత్తవాడేం కాదు. అడ్వాన్సు మార్చిలోనే తీసుకున్నాడు. ఎప్పుడడిగినా "అంతా కన్ఫర్మ్, టెన్షన్ పడకండి" అనేవాడు. బుకింగ్ నంబర్లు ఇవ్వమంటే మాత్రం రేపనీ, ఎల్లుండనీ. చివరికి నేనే పార్కు రిజర్వేషన్ వాళ్లకి ఫోన్ చేస్తే, మా పేరు మీద ఏ బుకింగూ లేదన్నారు. ఇక్కడ దక్షిణాఫ్రికాలో జనవరి మధ్యదాకా బడులకి సెలవులే. క్రూగర్‌లో పదకొండు నెలల ముందునుంచే గదులు బుక్ చేసుకోవచ్చు. నది ఒడ్డునున్న లోయర్ సబీ లాంటివి ఇప్పటిదాకా ఖాళీగా ఎందుకుంటాయి?

ఆ ఏజెంటు ఇంకో దారి చూపించాడు. పార్కు బయట, హేజీవ్యూలో ఒక లాడ్జి. ఏసీ, స్విమ్మింగ్ పూల్, బఫే. ధర కూడా తక్కువే, నాకు నాలుగు డబ్బులు మిగిలేవి. "మీవాళ్లకి సౌకర్యంగా ఉంటే చాలు, పార్కు లోపలో బయటో ఎవరు పట్టించుకుంటారు?" అన్నాడు. అడ్వాన్సు పోయినందుకంటే ఆ మాటకే నాకు ఎక్కువ మండింది. సింహం కనిపించాక గంటసేపు ఇంజిను ఆపి, పిల్లలతో సహా గుసగుసలాడకుండా కూర్చున్నవాళ్లు మీరు.

అయినా రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మీలో కొందరు అమ్మానాన్నల్ని తెస్తున్నారు. వాళ్లకి లాడ్జే సుఖం. కానీ జనవరిలో పార్కు లోపలి క్యాంపు గేట్లు తెల్లవారుజామున 4:30కి తెరుస్తారు, బయటినుంచి వచ్చేవాళ్లకి పార్కు గేట్లు 5:30కి. ఆ గంట చిన్నదేం కాదు. జనవరి ఎండకి తొమ్మిది దాటితే జంతువులు నీడకి చేరతాయి, పైగా వానాకాలం కాబట్టి గడ్డి ఎత్తుగా ఉంటుంది. బయట ఉంటే రోజూ గేటు దగ్గర క్యూ, సెలవు రోజుల్లో పగటి సందర్శకులకి కోటా. సాయంత్రం 6:30లోపు పార్కు దాటాలన్న హడావుడి సరేసరి.

అందుకే లోపలే ఉంటున్నాం. మొదటి రాత్రి మలెలేన్ గేటుకి దగ్గర్లోని బెర్గ్-ఎన్-డాల్, తర్వాత రెండు రాత్రులు ప్రిటోరియస్‌కాప్. ఇది క్రూగర్‌లో అన్నిటికంటే పాత క్యాంపు. అక్కడ మనకి దొరికినవాటిలో ఎక్కువ మామూలు గుడిసెలే. మంచాలుంటాయి, బాత్రూములు, వంటగది మాత్రం ఉమ్మడివి. బాత్రూమ్ ఉన్న గదులు కొన్ని దొరికాయి, అవి పెద్దవాళ్లున్న కుటుంబాలకే. దీని మీద బేరాల్లేవు, దయచేసి నాకు విడిగా ఫోన్ చేయకండి. ఇక "పెద్ద కంపెనీలైతే పూల్ ఇస్తాయి" అని గ్రూపులో రాసినవారికి: ప్రిటోరియస్‌కాప్‌లో సహజమైన బండల మధ్య కట్టిన పూల్ ఉంది. దాన్ని చూసి ఈ క్యాంపు ఎంచుకోలేదు, అది వేరే సంగతి.

లోయర్ సబీకి ఒక రోజు వెళ్లొస్తాం. పోనూ రానూ దాదాపు 180 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద 50, మట్టి రోడ్డు మీద 40 దాటకూడదు కాబట్టి రోజంతా పడుతుంది. అంతసేపు కారులో కూర్చోలేనివాళ్లు క్యాంపు చుట్టుపక్కలే తిరగొచ్చు. ఖడ్గమృగాలకి ఆ ప్రాంతం మంచిదే, సింహాలు మాత్రం సబీ నది వైపే ఎక్కువ.

కార్లు, లైసెన్సుల సంగతి మారలేదు, పాతవాళ్లకి తెలిసిందే. కొత్తవాళ్లు మలేరియా మందుల గురించి మీ డాక్టర్ని ముందే అడగండి.

ధర పెంచడం లేదు. ఏజెంటు దగ్గర చిక్కుకున్న డబ్బు నా తలనొప్పి, మీది కాదు. వచ్చే ఏడాదినుంచి గదులు పార్కు దగ్గరే నేరుగా, మీ మీ పేర్ల మీదే బుక్ చేస్తాను. నంబరు ఆ రోజే మీ చేతికొస్తుంది. ఉమ్మడి బాత్రూమ్ మాకు కుదరదనుకునేవాళ్లు ఈ నెలాఖరులోగా చెప్పండి, కట్టిన డబ్బు మొత్తం వెనక్కి ఇస్తాను. హేజీవ్యూ లాడ్జి మాత్రం ఎవరడిగినా బుక్ చేయను. కావాలంటే ఆ ఏజెంటు నంబరు ఇస్తాను, అతను ఫోన్ ఎత్తితే మీ అదృష్టం.