నవ్విన వారి జ్ఞాపకాలను నమోదు చేయించండి

సంపాదకులకు నమస్కారం.

నేరెళ్ల వేణుమాధవ్ గారి మిమిక్రీని వేదిక ముందు కూర్చుని చూసిన తరం గోదావరి డెల్టాలో వేగంగా తరిగిపోతోంది. పాలకొల్లు, నరసాపురం, అమలాపురం వైపు డెబ్బయ్యో పడి దాటిన వారిని కదిలిస్తే, ఆనాటి కాలేజీ వార్షికోత్సవాలనో దేవీ నవరాత్రులనో గుర్తుచేసుకుని ఒక్కొక్కరు గంటసేపు చెబుతారు. ఆ మాటలను రాసిపెట్టే వారే లేరు. ఈ విషయాన్ని మన జిల్లాల గ్రంథాలయ సంస్థల దృష్టికి తీసుకురావడానికే ఈ లేఖ రాస్తున్నాను.

1932లో వరంగల్లులో పుట్టిన వేణుమాధవ్ గారు మిమిక్రీని కాలక్షేపపు విద్య స్థాయి నుంచి సభాగౌరవం గల కళగా నిలబెట్టారు. ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, శాసనమండలి సభ్యులయ్యారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. 2018 జూన్ 19న కన్నుమూశారు. ఇవన్నీ ఎక్కడైనా దొరికే వివరాలే. ఆయనను ఎదురుగా చూసిన నాలాంటి వారికి వీటికంటే ముందు గుర్తొచ్చేది వేరు. వేషం లేదు, పక్కవాద్యం లేదు, తోడు నటుడు లేడు. ఒక్క మైకు ముందు నిలబడి ఒక గొంతు నుంచి మరో గొంతులోకి మారే ముందు ఆయన క్షణకాలం ఆగేవారు. ఆ క్షణంలో వెనక వరుసల్లోని పిల్లలు కూడా మాట మానేసి, రాబోయేది ఎవరి గొంతో అని చెవులు రిక్కించేవారు. తొలి మాటకే గొంతు గుర్తుపట్టిన వారు పక్కవారి కంటే ముందు ఆ పేరు చెప్పాలని ఆత్రపడేవారు.

ఆయన రికార్డింగులు ఉన్నాయి కదా, ఇంకా జ్ఞాపకాలెందుకని కొందరు అడుగుతున్నారు. ఆ రికార్డింగులు ఎంతో విలువైనవే, కాదనను. కానీ స్టూడియోలో చేసిన కార్యక్రమానికి వ్యవధి ముందే నిర్ణయమై ఉంటుంది, ఎదురుగా నవ్వేవారు ఉండరు. వేదిక మీద అలా కాదు. జనం ఎక్కడ నవ్వితే అక్కడ పొడిగించడం, ఎక్కడ చల్లబడితే అక్కడ కుదించి మరో అంశంలోకి వెళ్లడం ఈ కళకు ప్రాణం. ఒంటరిగా నిలబడి నవ్వించే ఏ కళకైనా, నేటి యువతరం ఇష్టపడే స్టాండప్ కామెడీతో సహా, ప్రదర్శనలో సగభాగం ప్రేక్షకుడిదే. ఆ సగం టేపులో ఉండదు. దాన్ని చెప్పగలిగినవారు ఆనాటి శ్రోతలు మాత్రమే.

పెద్ద పేరు రాని స్థానిక కళాకారుల విషయంలో ఈ లోటు మరీ ఎక్కువ. కోనసీమ తీర్థాల్లో, అంటే జాతరల్లో, ఒక పెద్దాయన సఖినేటిపల్లి రేవు దాటే పంటును, అంటే జనాన్ని నది దాటించే పెద్ద పడవను, గొంతుతో ఆడించడం నేను చూశాను. ముందు సైకిలు గంట, తర్వాత దూడ అరుపు, టికెట్టు దగ్గర ఒక ఆడమనిషి బేరం, ఆ పైన అంటుకోబోయి ఆగిపోయే ఇంజను. ఇంజను ఆగినప్పుడల్లా జనంలోంచి ఎవరో ఒకరు "ఇంక ఈదుకుంటూ పోవడమేరా!" అని అరిచేవారు. ఆయన వెంటనే ఆ కేకకు పంటు నడిపే సరంగు గొంతుతో జవాబిచ్చేవారు. రేవు లేని మెట్ట ఊళ్లలో ఈ అంశమే చేసేవారు కాదని ఆయనతో తిరిగిన వారు చెప్పేవారు. నది దాటడం ఎరిగిన జనం ఎదురుగా ఉంటేనే అది రక్తి కట్టేది. నాకు తెలిసి ఆయన గొంతు ఎక్కడా టేపులో లేదు. ఆ జవాబులు ఎంత చురుకుగా ఉండేవో చెప్పగలిగిన వారు ఇప్పుడు మా ప్రాంతంలో కొద్దిమందే మిగిలారు, వారికి కూడా వయసు పైబడింది. ఇది నన్ను నిజంగా బాధిస్తోంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వక్తృత్వం, వ్యాసరచన పోటీలతో పాటు ఒక సాయంత్రాన్ని ఇందుకు కేటాయించాలని కోరుతున్నాను. ఊళ్లోని పెద్దలను పిలిచి, వారు చూసిన ప్రదర్శన ఏ ఊళ్లో, ఏ సందర్భంలో జరిగింది, ఏ అంశానికి జనం ఎక్కువగా నవ్వారు అన్నది అడిగి, ఫోనులోనే రికార్డు చేసి, ఒక ప్రతి గ్రంథాలయంలో ఉంచితే చాలు. దీనికి ప్రత్యేక నిధులు అక్కరలేదు. జ్ఞాపకాల్లో తేదీలు తారుమారవుతాయి కాబట్టి, పాత ఉత్సవ కమిటీల దగ్గర మిగిలిన కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు, ఫొటోలు కూడా సేకరిస్తే ఒకదానితో మరొకటి సరిచూసుకోవచ్చు. కమిటీల వారు వాటిని చిత్తు కాగితాల కింద అమ్మేయకుండా ఆపాలన్నది నా వేడుకోలు.

ఉత్సవ కమిటీలకు మరొక మాట. సౌండు బాక్సులకు, లైటింగుకు ఖర్చుపెట్టే రోజుల్లోంచి ఒక్క రాత్రి మిమిక్రీకో హాస్య ప్రసంగానికో ఇవ్వండి. తెలుగు విశ్వవిద్యాలయంలో డిప్లొమాగా బోధించిన కళ ఇది. నేర్చుకున్న యువకులు ఉన్నారు, పిలిచే వేదికలే తగ్గాయి. ఆ రాత్రి పెద్దలను ముందు వరుసలో కూర్చోబెట్టి, ప్రదర్శన తర్వాత వారి చేత పాత సంగతులు చెప్పిస్తే, కొత్త కళాకారులకు అది పాఠంగా కూడా పనికొస్తుంది.

వచ్చే వారోత్సవాలలోపే శాఖా గ్రంథాలయాలకు ఈ మేరకు ఆదేశాలు వెళ్లేలా జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులు, కార్యదర్శులు చొరవ తీసుకోవాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా