కాజీపేటలో నిర్మల్‌కు టికెట్టు ఇచ్చిన దుకాణం

సంపాదకుల వారికి నమస్కారం.

కాజీపేట చౌరస్తా దాపున ఏళ్ల తరబడి మూతపడి ఉన్న ఒక రేకుల కప్పు దుకాణాన్ని ఈమధ్య పూర్తిగా పడగొట్టి, ఆ జాగాలో పిల్లర్లు లేపుతున్నారు. ఆటోలో వెళుతూ దాన్ని చూసిన రోజు నుండి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటున్నాను. ఎవరి జాగాలో వారు ఏమైనా కట్టుకోవచ్చు, అందులో నాకు ఆక్షేపణ లేదు. నా విన్నపం వేరే ఉంది, కాని అది అర్థం కావాలంటే ముందు అక్కడ ఏముండేదో చెప్పాలి.

అక్కడ ఒక బొమ్మల దుకాణం ఉండేది. బోర్డు మీద రాసిన పేరు ఏదైనా, రైల్వే క్వార్టర్ల పిల్లలమందరం దాన్ని రైలు దుకాణమనీ, దాని యజమానిని గార్డు తాత అనీ పిలిచేవాళ్లం. ఆయన గూడ్సు బండ్ల మీద గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. (2022లో రైల్వే వారు గార్డు హోదా పేరును ట్రైన్ మేనేజర్ అని మార్చారు. ఆ మార్పు యాభై ఏళ్లు ముందే వచ్చి ఉంటే మేము ఆయనను మేనేజర్ తాత అనవలసి వచ్చేది, అంతటి బరువు ఆయన మోసేవారని నేను అనుకోను.)

దుకాణం సన్నగా, పొడవుగా, అచ్చం రైలుపెట్టెలాగా ఉండేది. వెలుపలి గోడకు ఆనాటి పెట్టెలకు వేసే ముదురు ఎరుపు రంగు, కిటికీలకు అడ్డంగా ఇనుప చువ్వలు, గుమ్మం దగ్గర పట్టుకుని ఎక్కడానికి రెండు కడ్డీలు. లోపల మధ్యలో నడవడానికి దారి, రెండు పక్కలా బెర్తుల మాదిరి మూడేసి వరుసల చెక్క అరలు. తాత కూర్చునే చోట బుకింగ్ కిటికీకి ఉన్నట్టే చెయ్యి పట్టేంత కన్నం ఒకటి ఉండేది. డబ్బులు అందులో నుండే ఇవ్వాలి, చిల్లర అందులో నుండే తీసుకోవాలి. పక్కనుండి వెళ్లి చేతికి ఇస్తే, "లైనులకు రా బిడ్డా" అనేవారు తప్ప తీసుకునేవారు కాదు.

ఆ అరలకు పసుపుపచ్చ పలకల మీద నల్లటి అక్షరాలతో స్టేషన్ల పేర్లు రాసి ఉండేవి. కాజీపేట నుండి బల్లార్షా లైను 1929లో పూర్తయి, ఢిల్లీ మద్రాసుల మధ్య బండ్లు మన ఊరి మీదుగా నేరుగా నడవడానికి దారి ఏర్పడిందన్న సంగతి నేను చాలాకాలం తరువాత పుస్తకాలలో చదువుకున్నాను గాని, ఆ లైను మీది ఊళ్ల వరుస మాత్రం ఎనిమిదేళ్లు నిండకముందే ఆ అరల దగ్గర నాకు కంఠస్థమైంది. జమ్మికుంట అరలో దూది కూరిన గుడ్డబొమ్మలు, ఎందుకంటే జమ్మికుంట పత్తి మార్కెట్టు. రామగుండంలో, బెల్లంపల్లిలో రేకు లారీలు, చావి ఇస్తే నడిచే ఇంజన్లు, ఎందుకంటే అది బొగ్గు సీమ. సిర్పూర్ కాగజ్‌నగర్ అరలో గాలిపటాలు, రంగు కాగితాల పంకాలు, మడత విప్పితే నెమలి అయ్యే అట్టలు. పెద్దపల్లి అరలో గోలీలు, బొంగరాలు ఎందుకు పెట్టారో మాత్రం నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. అడిగితే, "అక్కడ బండి ఎక్కువసేపు ఆగదు, చిన్న సామానే దింపాలె" అన్నారొకసారి.

మంచిర్యాల దగ్గర ఒక అర వరుస తప్పి పక్కకు తిరిగి ఉండేది. దాని మీద 'నిర్మల్' అని రాసి ఉండేది. నిర్మల్ పట్టణానికి అప్పుడు రైలు లేదు, ఇప్పటికీ లేదు. ఈ సంగతి తెలిసిన పెద్దవాళ్లెవరో ఒకరోజు తప్పు పట్టబోతే, గార్డు తాత ఏమాత్రం తడుముకోకుండా, "మీ సర్కారు వేసేదాకా నేను ఆగాలెనా?" అన్నారు. ఆ అర నిండా కొయ్య జింకలు, పులులు, ఏనుగులు, చిలుకలు, అరటిపళ్లు, సీతాఫలాలు. పెద్దవాళ్లు ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసే ఆ బొమ్మలను ఆయన పిల్లల చేతికి అందేంత ఎత్తులో పెట్టారు. నా ఉత్తరానికి ఆ అరే మూలం.

డబ్బులు లేని పిల్లలకు ఆ దుకాణంలో ప్లాట్‌ఫారం టికెట్టు ఉండేది. ఖరీదు ఐదు పైసలు. అప్పట్లో స్టేషన్‌లో ఇచ్చే అట్టముక్క టికెట్టు కొలతకు సరిగ్గా సబ్బుపెట్టెల అట్టను కత్తిరించి, దాని మీద రబ్బరు ముద్ర కొట్టి, నిజమైన టికెట్టు కటకటాతో చిల్లు పొడిచి ఇచ్చేవారు. ఆ టికెట్టు ఉంటే ఏదైనా ఒక స్టేషన్‌లో దిగి, అక్కడి బొమ్మలతో బండి వచ్చేదాకా ఆడుకోవచ్చు. బండి అంటే నిజం బండే. వెనక మెయిన్ లైను మీద ఏ రైలు కూత వినిపించినా మన సమయం అయిపోయినట్టు లెక్క. జంక్షన్ ఊళ్లో బండ్లకు కొదవా! అందుకని ఎవరు ఏ వేళకు వెళ్లాలో క్వార్టర్లలో పిల్లలకొక లెక్క ఉండేది. మధ్యాహ్నం ఒక వేళలో దాదాపు ముప్పావుగంట ఏ బండీ రాదని కనిపెట్టిన మా అన్న ఆ రహస్యాన్ని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. రైలు ఆలస్యం కావాలని మొక్కుకున్న ప్రయాణికులు దేశం మొత్తంలో మేమే అయి ఉంటాం.

1974 మే నెలలో రైల్వే సమ్మె జరిగింది. 8వ తేదీన మొదలై ఇరవై రోజులు సాగింది. మా నాయిన లోకో షెడ్డులో ఫిట్టరు, సమ్మెలో ఉన్నారు. అరెస్టుల భయంతో రాత్రిళ్లు ఇంట్లో పడుకునేవారు కాదు, క్వార్టరు ఖాళీ చేయిస్తారన్న మాట రోజుకొకసారి వినిపించేది, జీతం లేదు, ఇంట్లో మక్కగడ్కతో గడిచిన రోజులవి. అయినా మేము రైలు దుకాణానికి వెళ్లడం మానలేదు. ఐదు పైసలు లేవని చెప్పడానికి సిగ్గుపడి గుమ్మం దగ్గరే నిలబడితే, గార్డు తాత మా పేర్లు రాసిన అట్టముక్కలు తెచ్చి ఇచ్చారు. టికెట్టు కంటే పెద్దవి, పచ్చరంగువి. "పాసు" అన్నారు. "మీ నాయినకు సర్కారు ఇచ్చే పాసు బందైతే, మీకు నేను ఇచ్చే పాసు బందైతదా?" ఉచితంగా ప్రయాణించడానికి ఉద్యోగులకు ఇచ్చే ఆ పాసు అనే మాట రైల్వే వారికి ఎంత గౌరవమో బయటివారికి చెప్పినా అర్థం కాదు. సమ్మె విరమించిన తరువాత కూడా చాలా రోజులు ఆ పాసు చెల్లింది. సమ్మె చేసినందుకు నాయినకు సర్వీసు బ్రేక్ పడి, అంటే ఉద్యోగకాలం మధ్యలో తెగినట్టు లెక్కకట్టి, అది సరికావడానికి ఏళ్లు పట్టింది.

ఆ తరువాతి దసరాకు నాయిన నాకు నిర్మల్ అరలోని జింకను కొనిపెట్టారు. బతుకమ్మ ఆడే హడావిడిలో అది కిందపడి ముందరికాలు విరిగింది. ఏడుస్తూ తీసుకువెళితే తాత తిట్టలేదు. నన్ను బుకింగ్ కిటికీ లోపలికి పిలిచి కూర్చోబెట్టి, చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి, ఆ ముద్దతో కాలు అతికించారు. విరిగిన చోట చెక్క ఎంత తెల్లగా, ఎంత తేలికగా ఉందో చూపించి, అది పునికి చెట్టు చెక్క అనీ, నిర్మల్‌లో నకాషీ పనివాళ్లు ఒక్కొక్క అవయవాన్ని విడిగా చెక్కి, ఇదే ముద్దతో అతికి, మీద సుద్ద పూసి ఆరిన తరువాత రంగులు వేస్తారనీ చెప్పారు. అక్కడి కళాకారులు 1955లో ఒక సంఘంగా ఏర్పడ్డారని, వారి బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు (ఆ ఊరి పేరుతో అమ్ముకునే హక్కు అక్కడివారిదేనన్న జీఐ గుర్తు) దక్కిందని నేను తరువాతి కాలంలో నా విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పాను. ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పినా, ఆ సాయంత్రం విన్నంత బాగా ఆ పాఠాన్ని నేను చెప్పలేకపోయాననే నా నమ్మకం.

కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ వస్తుందన్న మాట మా తరానికి జోలపాటలాంటిది. 1980ల మొదట్లో ఆశ గట్టిగా పుట్టింది. ఆ ఫ్యాక్టరీ చివరకు 1985లో పంజాబులోని కపుర్తలాలో వెలిసింది. ఆ వార్త వచ్చిన వారంలో తాత తన దుకాణం వెలుపల సుద్దముక్కతో, "రైలుపెట్టెలు ఇక్కడ తయారుకావు, అమ్మబడును" అని రాశారు. ఊరంతా నవ్వుకుంది. నవ్వు ఆగిన తరువాత ఎవరూ ఏమీ మాట్లాడలేదని మా అన్న చెప్పాడు. నేను అప్పటికి హనుమకొండలో బి.ఇడి. చదువుతున్నాను.

దుకాణం మూతపడటానికి కారణాలు వెతకడం కష్టం కాదు. 2001 ఏప్రిల్ నాటికి దిగుమతుల మీద పరిమాణపు ఆంక్షలు, అంటే ఇంతకు మించి రాకూడదన్న హద్దులు, తొలగిపోయాక, చైనా ప్లాస్టిక్ బొమ్మలు బస్తాలలో దిగాయి. తాత ముసలివారయ్యారు, కొడుకులు వేరే ఊళ్లలో స్థిరపడ్డారు. ఇవన్నీ నిజమే, కాని నా వంతు కూడా చెప్పకుండా దాటవేయడం న్యాయం కాదు. నా కొడుక్కి ఐదో పుట్టినరోజున బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ రైలు కొన్నాను. అది తాత దుకాణంలో కొన్నది కాదు. సగం ధరకు వచ్చింది, దీపాలు వెలిగాయి, నెల తిరగకుండా చెత్తకుప్పలోకి పోయింది. ఆ నెలలో రెండుసార్లు తాత దుకాణం ముందు నుండే బస్సులో వెళ్లాను, దిగలేదు. తాత పోయిన తరువాత అరలు, చువ్వలు పాత సామాను వాళ్లు తూకానికి తీసుకుపోయారని తెలిసింది. పసుపుపచ్చ పలకలు ఏమయ్యాయో తెలిసినవారు లేరు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేదని కూడా అనుకోను. 2018 వేసవిలో అమెరికాలో న్యూజెర్సీలో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ రాష్ట్రంలోనే ప్రధాన కార్యాలయం ఉన్న టాయ్స్ ఆర్ అస్ అనే పేద్ద బొమ్మల దుకాణాల సంస్థ దేశమంతటా ఉన్న తన దుకాణాలను మూసివేస్తున్నది. జిరాఫీ బొమ్మ గుర్తుగా ఉండే ఆ సంస్థను స్థాపించిన ఛార్లెస్ లాజరస్, మూసివేత ప్రకటన వచ్చిన వారం రోజులకే, ఆ మార్చి నెలలోనే కన్నుమూశారు. ఖాళీ అరల మధ్య మా అల్లుడు, తాను అక్కడ చదువుకోవడానికి వచ్చిన కొత్తలో కేవలం చూడటానికి ఆ దుకాణానికి వెళ్లేవాణ్నని చెబుతుంటే నాకు ఐదు పైసల టికెట్టు గుర్తుకు వచ్చింది. అంత పెద్ద దుకాణంలో కూడా చూడటానికి వచ్చినవాళ్లను ఎవరూ బయటికి పంపలేదన్నమాట.

ఇక నా విన్నపం. 2023 జులైలో ప్రధానమంత్రి కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. కాకతీయుల శిల్పశైలిలో తీర్చిదిద్దిన వరంగల్ స్టేషన్ 2025 మే 22న ప్రారంభమైంది. స్టేషన్లలో స్థానిక ఉత్పత్తులు అమ్మడానికి 'ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి' అనే పథకం 2022 నుండి ఉన్నది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుండి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుండి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసినా, భౌగోళిక గుర్తింపు ఉన్న చేతివృత్తుల వారికి మినహాయింపు ఇచ్చారు. తాత బతికుండగా ఇందులో సగం ఉన్నా సరిపోయేదని నాలాంటివాళ్లకు అనిపించడం సహజం, దాన్ని పక్కన పెడతాను. ఇన్ని ఏర్పాట్లు ఉన్నప్పుడు కాజీపేట జంక్షన్‌లో నిర్మల్ కొయ్యబొమ్మలకు ఒక స్టాలు ఇప్పించడం సికింద్రాబాద్ డివిజన్ అధికారులకు పెద్ద పని కాదు. స్టాలు ఇస్తే చాలదు. బొమ్మలను గాజు వెనక పెట్టి 'తాకరాదు' అని రాయకూడదు. మూడడుగుల ఎత్తుకు మించని ఒక బల్ల వేసి, దాని మీద నాలుగు జింకలు, రెండు ఏనుగులు, ఒక రైలు పెట్టాలి. తల్లిదండ్రులు కొన్నా కొనకపోయినా, తమ బండి వచ్చేదాకా పిల్లలు వాటితో ఆడుకోనివ్వాలి. కొన్ని విరుగుతాయి. అతికే పద్ధతి నిర్మల్ వాళ్లకు తెలుసు, అవసరమైతే నాకూ కొంచెం తెలుసు.

స్టాలు మీద పెట్టే బోర్డుకు నమూనా కావాలంటే నా దగ్గర ఉన్నది. సబ్బుపెట్టె అట్ట మీద 'కాజీపేట నుండి నిర్మల్' అని చేతితో రాసి, చిల్లు పొడిచిన టికెట్టు. అది వెలిసిపోయింది గాని, అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ