టోఫు ‘జపాన్ పనీర్’ కాదు

సోయా పాలతో చేసే టోఫును ‘జపాన్ పనీర్’ అని రాయడం వంటల పేజీల్లో మామూలైపోయింది, ఇది ఆపాలి. టోఫు అనే మాట పుట్టింది చైనాలో. అక్కడ ‘దోఫు’ అంటారు. ‘దో’ అంటే చిక్కుడు జాతి గింజ, ‘ఫు’ అక్షరానికి కుళ్లడమనే అర్థం ఉన్నా ఇక్కడ మెత్తగా గడ్డకట్టిందనే భావంలో వాడారు. పదో శతాబ్దపు చైనా రచనలోనే ఈ పేరుంది. జపాన్‌లో తొలి ప్రస్తావన 1183 నాటిది, నారాలోని కసుగా ఆలయ నైవేద్యాల్లో. అవే చైనా అక్షరాలను జపాన్ వాళ్లు ‘తోఫు’ అని చదువుతారు. తిండి పేరులో కుళ్లు ఎందుకని అక్కడి కొందరు తయారీదారులు ‘ఫు’ అక్షరానికి బదులు అదే పలుకున్న, సంపద అనే అర్థమిచ్చే అక్షరం రాస్తారు, ఎంత ముచ్చటైన సంగతి! ఇక పనీర్ పాలు విరగ్గొట్టి చేసేది. టోఫు సోయా పాలను జిప్సంతోనో, సముద్రపు ఉప్పునీటి నుంచి తీసే నిగారి అనే లవణంతోనో గడ్డకట్టించేది. మా వీధి సూపర్‌మార్కెట్లో రెంటినీ ఒకే అరలో పెట్టి ‘పనీర్’ అని ఒకే చీటీ అంటించారు. సోయా ఎలర్జీ ఉన్నవాళ్లు పొరబడితే ప్రాణం మీదికి రావచ్చు. టోఫు వంటకం వేసినప్పుడల్లా ‘సోయా పాలతో చేసింది’ అని వంటల పేజీలు నడిపే మీరు తప్పక రాయండి. దుకాణాల్లో విడి అర, విడి చీటీ ఉండేలా ఆహార భద్రత అధికారులు చూడాలి.