కాటుక క్షేమంగా చేరింది, అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా కాటుక క్షేమంగా ఇల్లు చేరింది. కుక్కపిల్ల విమానంలో ఒంటరిగా వస్తోందనగానే నాకు పట్టుకున్న టెన్షన్ ఎంతో మీకు తెలుసు. పొద్దనక రాత్రనక ఫోన్లు చేసి ప్రాణాలు తీశాను. ఒక్కరూ విసుక్కోలేదు. పేర్లు రాయొద్దని కొందరు ముందే చెప్పారు కాబట్టి రాయడం లేదు. ఎవరి మాట ఎక్కడ పనికొచ్చిందో రాస్తాను, చదివితే ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

ముందు చెప్పాల్సింది ఒకటుంది. క్రేట్ ట్రైనింగ్‌లో (అంటే కుక్కపిల్లను పంపే తలుపున్న పెట్టెను దానికి భయం లేకుండా అలవాటు చేయడంలో) సగం కాటుక మా గడప తొక్కకముందే అయిపోయింది. ఆ సగంలో నేను చేసిందేమీ లేదు, అంతా మీ చలవే.

కార్గోలో చాలాకాలం పనిచేసిన అన్నయ్య మాట్లాడటమే టేపుతో మొదలుపెట్టారు. కళ్లతో చూసి క్రేట్ కొనకూడదట. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, దానికి ముందుకాలి మోచేయి ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు. భుజాల దగ్గర వెడల్పుకు రెట్టింపు క్రేట్ వెడల్పు. ఎత్తేమో పిల్ల నిలబడ్డప్పుడు నడినెత్తి దాకా, నిక్కపొడుచుకునే చెవులైతే చెవి కొస దాకా, ఆపైన కింద పరిచే పరుపు మందం కూడా. విమానాల్లో జంతువుల రవాణాకు అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ పెట్టిన లెక్క ఇది. లోపల పిల్ల తల వంచకుండా నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. పిల్లలు రోజురోజుకీ పెరుగుతాయి కాబట్టి ప్రయాణం దగ్గర పడ్డాక ఇంకోసారి కొలిపించమన్నదీ ఆయనే. పై భాగాన్నీ కింది భాగాన్నీ బిగించడానికి ప్లాస్టిక్ క్లిప్పులు కాకుండా నట్లు, బోల్టులు ఉండాలన్నారు. తలుపు ఇనుపదై ఉండాలి, చక్రాలుంటే తీసేయాలి, తలుపు తెరవకుండానే బయటి నుంచి నీళ్లు పోసేలా గిన్నెలు తగిలించాలి. నాకు బాగా నచ్చిన చిట్కా ఇంకోటి: గిన్నెలో నీళ్లు పోసి గడ్డకట్టించి తగిలిస్తే, ఎక్కించేటప్పుడు ఒలికి పరుపు తడవదు, దారిలో కొద్దికొద్దిగా కరిగి తాగడానికి ఉంటాయి.

నిద్రమాత్ర ఇస్తే హాయిగా పడుకుని వస్తుంది కదా అన్న సలహా కూడా ఒకటి వచ్చింది. డాక్టరుగారు దాన్ని అక్కడికక్కడే కొట్టిపారేశారు. మత్తు మందుతో రక్తపోటు పడిపోవచ్చు, ఊపిరి మందగించవచ్చు, క్రేట్ ఒరిగినప్పుడు పిల్ల కాళ్లు నిలదొక్కుకోలేదు. పైగా ఏమైనా అయితే పైన చూసే దిక్కుండదు. మత్తిచ్చిన జంతువుల్ని చాలా విమాన సంస్థలు అసలు ఎక్కించుకోవని కూడా చెప్పారు. భయం తగ్గాలంటే మందు కాదు, క్రేట్ ముందే అలవాటు కావాలన్నారు.

ఆ అలవాటు చేసింది కాటుకను పెంచి పంపిన అక్క. క్రేట్ ముందుగానే తెప్పించుకుని, తలుపు ఊడదీసి, పిల్లలన్నీ ఆడుకునే చోట పడేశారు. అవి దూరడం, కొట్టుకోవడం, అలిసి అందులోనే గుంపుగా నిద్రపోవడం. కొన్నాళ్లకు అన్నం గిన్నె లోపలికి జరిగింది. తర్వాత తలుపొచ్చింది. తలుపు మూసి అది తినడం అయ్యేలోపే తీసేయడం, రోజురోజుకీ కాస్త ఆలస్యంగా తీయడం, చివర్లో దాన్ని ఒంటరిగా పడుకోబెట్టడం. నేను నాలుగు రోజులు ఒంటి మీద వేసుకున్న పాత టీషర్టు పంపితే అదీ లోపల పరిచారు. రోజూ వీడియోలు పంపేవారు. ఇదంతా చేయాల్సిన అవసరం ఆవిడకు ఎంతమాత్రం లేదు. అక్కా, ఈ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

విమానం ఆలస్యమైంది. ఆ గంటలు ఎలా గడిచాయో చెప్పను.

క్రేట్ చేతికొచ్చాక అక్కడే తెరిచి ఎత్తుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అన్నయ్య మాట గుర్తు పెట్టుకుని ముట్టుకోలేదు. బెదిరిన పిల్ల పార్కింగులో చేయి జారి పరుగెత్తితే దొరకదు. పైగా కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, టీకాలు పూర్తి కాని పిల్లను పది కుక్కలు తిరిగే నేల మీద దించకూడదు. ఇంటికొచ్చి, గది తలుపు వేసి, క్రేట్ తలుపుకు బిగించిన జిప్ టైలు (ప్లాస్టిక్ పట్టీలు) కత్తెరతో కత్తిరించాను. కత్తెర మర్చిపోవద్దని పదిసార్లు చెప్పిన వాళ్లకు స్పెషల్ థాంక్స్, అవి చేత్తో తెగేవి కావు. తలుపు తీసినా కాటుక రాలేదు. ముక్కు మాత్రం బయటపెట్టింది, నా మోకాలు వాసన చూసింది, మళ్లీ వెనక్కి వెళ్లి ఆ టీషర్టు మీద కూర్చుని నన్నే చూసింది. రమ్మని పిలవలేదు, చేయి చాపలేదు. దానికి తోచినప్పుడు అదే వచ్చింది, వచ్చీ రాగానే గది మధ్యలో మడుగు కట్టించింది.

రాత్రుళ్ల సంగతి మా పక్కింటి పిన్నిగారు చూసుకున్నారు. ఏడ్చినా పట్టించుకోవద్దు, అదే ఊరుకుంటుందన్న వాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద గౌరవం ఉంది కానీ నాకు పిన్నిగారి పద్ధతే సరైనదనిపించింది. తోబుట్టువుల మధ్య పడుకున్న పిల్లను మొదటి రాత్రే ఇంకో గదిలో పెట్టడం ఏం న్యాయం? క్రేట్‌ను మంచం పక్కనే పెట్టించారు. కుయ్‌మన్నప్పుడు ఊచల్లోంచి వేలు పెడితే చాలు, వాసన చూసి సర్దుకునేది. అయినా ఆగకపోతే టాయిలెట్ కోసమే. అప్పుడు లైట్లు వెయ్యకుండా, ముచ్చట్లాడకుండా తీసుకెళ్లి తీసుకురావాలి. లేకపోతే అర్ధరాత్రి ఆట మొదలవుతుంది. వయసు నెలలకు ఒకటి కలిపితే ఎంతో, మెలకువగా ఉన్నప్పుడు మహా అయితే అన్ని గంటలే ఆపుకోగలదట, రెండు నెలల పిల్ల అయితే మూడు గంటలు. అందుకని ఏడ్చేదాకా ఆగకుండా అలారం పెట్టుకుని నేనే లేస్తున్నాను. లోపలికి పంపేటప్పుడు మెడ బెల్టు తీసేయమని, ఊచలకు చిక్కుకుంటుందని హెచ్చరించిందీ పిన్నిగారే. కోపమొచ్చినప్పుడు క్రేట్‌లో వేసి మూయకూడదన్న మాటను ఇంట్లో పిల్లల చేత కూడా ఒప్పించారు, అది మామూలు విషయం కాదు.

ఇప్పుడు పగలు క్రేట్ తలుపు తెరిచే ఉంటుంది. నిద్రొస్తే తనంతట తనే వెళ్లి పడుకుంటోంది. ఒంటరిగా వదిలి బయటికి వెళ్లడం మాత్రం ఇంకా కుదరడం లేదు, గుమ్మం దాటి వెంటనే వెనక్కి రావడం దగ్గరే ఉన్నాం. దాని మీద సలహాలుంటే చెప్పండి.

చూడటానికి వస్తామన్న వాళ్లంతా తప్పకుండా రండి. టీకాలు పూర్తయ్యే దాకా చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని ముట్టుకోండి, డాక్టరుగారి ఆర్డరు. క్రేట్ దానికి ఇరుకయ్యాక శుభ్రంగా కడిగి, అవసరమైన వాళ్లకు ఊరికే ఇచ్చేస్తాను. మీ పిల్ల కొలతలు పంపితేనే సుమా.