ఒక్క రోగికి ఆరు నెలలు

సంపాదకులకు,

డిసెంబరు రాగానే మన క్రైస్తవ సంఘాలు ఆస్పత్రుల్లో పండ్లు, రొట్టెలు, దుప్పట్లు పంచుతాయి. మనసు మంచిదే. కానీ క్షయ (టీబీ) రోగికి ఒక పూట పండ్లతో ఒరిగేదేమీ లేదు, మందులు వాడే ఆరు నెలలూ తిండి కావాలి. ప్రతి సంఘం తన ఊళ్లో ఒక్క క్షయ రోగినైనా, మందులు మొదలైన నాటి నుంచి ముగిసేదాకా ఆదుకోవాలని మా విన్నపం.

తెలుగు క్రైస్తవులకు ఇది కొత్త సేవ కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో కొన్ని మిషన్లు కలిసి క్షయ ఆస్పత్రి నడుపుతున్న నాటికి ఈ జబ్బుకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇదే చికిత్స. ఇవాళ మందు ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా దొరుకుతోంది, తిండి దగ్గరే కొరత. జార్ఖండ్‌లో జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, రోగి ఇంట్లోవాళ్లకు కూడా తిండి గింజలు, పప్పు అందిస్తే వాళ్లలో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 నుంచి 50 శాతం తగ్గింది.

క్షయ రోగులను దాతలు ఆదుకునేందుకు ఉన్న ప్రభుత్వ నిక్షయ్ మిత్ర పథకం పెద్దవాళ్లకు సూచించిన నెల బుట్ట ఇది: బియ్యం లేదా చిరుధాన్యాలు 3 కిలోలు, పప్పు కిలోన్నర, నూనె పావు కిలో, పాలపొడి లేదా వేరుశనగ గుళ్లు కిలో. వీలైతే 30 గుడ్లు చేర్చండి. చాలా సంఘాలు బియ్యం ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. రేషన్ బియ్యం ఆ ఇంట్లో ఎలాగూ ఉంటాయి, లేనిది పప్పు. ఇంకొక చిక్కు, రోగి తల్లి అయితే గుడ్డు పిల్లల కంచంలోకే వెళుతుంది. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. నలుగురున్న ఇంటికి పప్పు, గుడ్లు రెట్టింపు ఇవ్వాలి.

ఖర్చుకు భయపడనక్కర్లేదు. స్త్రీల సమాజం పిడికెడు బియ్యాన్నే చూడండి. పిడికిలికి సుమారు 50 గ్రాములు. ఎసట్లో పోసే ముందు పూటకొక పిడికెడు తీసి డబ్బాలో వేస్తే, రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. నలభై ఇళ్లు వేస్తే 120 కిలోలు. కొంత బుట్టలో పెట్టి, మిగతాది అమ్మి కందిపప్పు కొనవచ్చు.

ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో టీబీ సిబ్బందిని కలవండి. రోగి ఒప్పుకుంటేనే వివరాలు ఇస్తారు, అది సరైన పద్ధతి. ఆ పేరు ఆదివారం ప్రార్థన మనవుల్లో చదవకండి. పెళ్లి కావలసిన అమ్మాయి అయితే ఆ ఒక్క మాటతో సంబంధం తప్పిపోవచ్చు. బ్యానరు, ఫొటో వద్దు, సంఘం పేరు లేని మామూలు సంచి చాలు. హిందువైనా ముస్లిం అయినా అదే బుట్ట ఇవ్వాలి, చర్చికి రమ్మని షరతు పెట్టకూడదు.

ఇంటికి వెళ్లేవారు భయపడి గుమ్మం బయటే సంచి పెట్టి రాకండి. క్షయ గాలి ద్వారా సోకుతుంది, కంచాలు గ్లాసుల ద్వారా కాదు. వరండాలో, గాలి ఆడేచోట కూర్చుని మాట్లాడండి. మందులు మొదలైన రెండు వారాలకు అంటించే ముప్పు బాగా తగ్గుతుంది.

మాట్లాడేటప్పుడు మూడు సంగతులు కనిపెట్టాలి. మాత్ర వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తుంది, రక్తమనుకుని మానేసేవారున్నారు. అది రిఫాంపిసిన్ అనే క్షయ మందు రంగు, భయం లేదని చెప్పండి. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. రెండు నెలలకు దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, కూలికి వెళ్లగలిగేసరికి కొందరు రోగులు మందు ఆపేస్తారు. అప్పుడే జబ్బు మందుకు లొంగకుండా మొండికేస్తుంది. బుట్ట ఆ మూడో నెలలో తప్పకూడదు.

నెలనెలా ఒకే కాటా మీద బరువు చూడండి. 42 కిలోల మనిషి రెండు నెలల్లో 2 కిలోలు పెరిగితే మేలైన గుర్తు. పెరగకపోతే షుగరు పరీక్ష అయిందో లేదో, మాత్రలు నిజంగా వేసుకుంటున్నారో లేదో అడగండి.

పోషణ కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలైంది. ఖాతా మూతబడిందనో, ఆధార్‌లో పేరు కలవలేదనో అది ఆగిపోతూ ఉంటుంది. చదువుకున్న యవనస్థుడొకరు ఒక పూట బ్యాంకుకు తోడు వెళితే ఆ పని అయిపోతుంది. ఇంట్లోవాళ్లందరికీ, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలకు, పరీక్ష చేయించి, జబ్బు లేదని తేలితే నివారణ మాత్రలు అడగాలి.

మందులు ముగిశాక రెండేళ్ల వరకు ఆరేసి నెలలకోసారి మళ్లీ పరీక్ష ఉంటుంది. ఆ నాలుగు తేదీలు సంఘం క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి, పేరు రాయకుండా.

— ఒక సంఘ స్త్రీల సమాజం సభ్యులు, చీరాల